అమ్మాయ్, బెజ్జాలు జాగ్రత్త

అమ్మాయ్,

ప్లైవుడ్‌తో చేపల పడవ నువ్వే కడతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. నేను వద్దంటానని తన ఆశ. అనను. లోపల సంబరంగానే ఉంది, రాత్రి నిద్ర మాత్రం సరిగ్గా పట్టలేదు.

మంచి ప్లాన్ తీసుకో, సొంత తెలివితో వెడల్పు తగ్గించకు. మెరైన్ ప్లై, అంటే పడవలకి వాడే ప్లైవుడ్ మీద బీఎస్ 1088 అనే బ్రిటిష్ ప్రమాణం ముద్ర ఉందేమో చూడు. షీట్లు అతికేచోట అంచుని మందానికి ఎనిమిది రెట్లు ఏటవాలుగా చెక్కాలి: 6 మి.మీ. పలకకి 48 మి.మీ. అతికించే ఎపాక్సీ రెండు భాగాలు కలిపే జిగురు: రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్. త్వరగా గట్టిపడుతుంది కదా అని హార్డెనర్ ఎక్కువ పోశావో, ఎపాక్సీ జిగటగానే ఉండిపోతుంది. గ్లవ్స్ లేకుండా దాన్ని ముట్టుకున్నావని తెలిస్తే వచ్చి మరీ తిడతాను.

అసలు నా టెన్షనంతా వెనకపలక గురించే. మీ నాన్న కట్టిన పడవ నీకు గుర్తుండదు. నీలం రంగు, అద్దంలా మెరిసేది. ఇంజన్ కోసం వెనకపలకకి బెజ్జాలు వేసి, బోల్టులు బిగించి, చుట్టూ సీలెంట్ పూశాడు. బెజ్జం లోపలి చెక్క ఏ పూతా లేకుండానే ఉండిపోయింది. కొన్నాళ్లకి సీలెంట్ వదిలింది. ప్లైవుడ్ పైముఖం నుంచి నీళ్లు ఎక్కడం నిదానమే గానీ, కోసిన అంచు దొరికిందంటే గటగటా తాగేస్తుంది. బయట రంగు మాత్రం చెక్కుచెదరలేదు. ఒకరోజు బోల్టు వదులైందని స్పానర్ వేస్తే వాషర్ చెక్కలోకి దిగిపోయింది. వేలితో గీకాడు. నల్లటి ముద్ద, కుళ్లు వాసన. ముందురోజే ఒడ్డు కనపడనంత దూరం వెళ్లొచ్చాం, నువ్వు నా ఒళ్లో నిద్రపోతున్నావు. ఆ పూట మీ నాన్న అన్నం ముట్టలేదు. అంత నీటుగా పనిచేసే మనిషి మళ్లీ కనపడలేదు నాకు, ఆ ఒక్కచోటే తొందరపడ్డాడు.

అందుకని బెజ్జం కావలసినదానికన్నా పెద్దది వెయ్యి. చిక్కటి ఎపాక్సీతో నిండా పూడ్చు. గట్టిపడ్డాక మధ్యలో బోల్టుకి సరిపడా మళ్లీ తొలువు. బోల్టు చెక్కని తాకకూడదు, అంతే. కోసిన ప్రతి అంచుకీ ఎపాక్సీ తాగినంత తాగించు. విసుగు పనే, చెయ్యి.

సీట్ల కింద ఫోమ్ పెట్టు. మొదటిరోజు నడుంలోతులోనే దించి, పడవనిండా నీళ్లు పోసి తేలుతుందో లేదో చూడు. నీకు ఈత వచ్చని తెలుసు. అయినా లైఫ్ జాకెట్ తియ్యకు.

వెనకపలకకి డ్రిల్ పెట్టేముందు ఫోన్ చెయ్యి, వస్తాను. బెజ్జాలు నువ్వే వేద్దువుగాని, నేను కుర్చీలో కూర్చుని చూస్తా.

పెదనాన్న