పాపను షూటింగుకు పంపే ముందు

బిడ్డా,

నీ కూతురికి సీరియల్‌లో వేషం వచ్చిందని ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. సంతోషమే, కాదనను. కానీ ఎనిమిదేండ్లకే మొహానికి రంగు వేసుకున్నదాన్ని కాబట్టి కొన్ని మాటలు చెప్పాలి.

ఒక సినిమా సగంలో ఉండగా నా ముందు పన్ను ఊడింది. ఇంట్లో అయితే పేడ ముద్దలో పెట్టి ఇంటి మీదికి విసిరేవాళ్లం. అక్కడేమో "నిన్నటి సీన్‌లో పన్ను ఉంది కదా!" అని ఒక్కొక్కరే వచ్చి నా నోట్లోకి తొంగిచూశారు. పెదవులు విప్పకుండా నవ్వమన్నారు. ఏదో తప్పు చేశాననుకుని అమ్మ కొంగులో తల దాచుకున్నా. నీ కూతురికిప్పుడు ఏడేండ్లు, దానికీ పళ్లు ఊడే వయసే. ఆ పూట పక్కన నువ్వే ఉండాలి, మేనేజర్‌కు అప్పగించి రావద్దు.

మా రోజుల్లో అడిగే దిక్కు లేదు. ఇప్పుడు 2017లో వచ్చిన నిబంధనలున్నాయి. రోజుకు 5 గంటలకు మించి చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి పనిలో ఉంచకూడదు. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ అనుమతి నిర్మాత తీసుకోవాలి, ఆ కాగితం చూపించమను. పాప సంపాదనలో కనీసం 20 శాతం దాని పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. నన్నడిగితే ఖర్చులు పోను మొత్తం వేసెయ్. నా పైసలన్నీ ఇంటి అప్పులకే పోయాయి. నాయన మీద కోపం లేదు గానీ, నా ఇంటర్ ఫీజుకు అక్క గాజులు తాకట్టు పెట్టిన రోజు ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది.

పన్నెండేండ్లకు పిలుపులు ఆగాయి. అటు పాపనూ కాను, ఇటు హీరోయిన్‌నూ కాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. బడి నుంచి రాగానే కారు వస్తుందేమోనని గేటు దగ్గర నిలబడేదాన్ని. 1967లో 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా చేసిన రోజారమణి గారు పెద్దయ్యాక హీరోయిన్ అయ్యారు, తర్వాత ఎందరో హీరోయిన్లకు గొంతునిచ్చారు. అట్లా ఇంకో దారి అందరికీ దొరకదు. అందుకే ఇది కొన్నాళ్ల ముచ్చటేనని దానికి ఇప్పటి నుంచే చెబుతూ ఉండు. బడి మాత్రం మాన్పించకు.

రోజూ పడుకునే ముందు "రేపు పోదామా?" అని అడుగు. వద్దంటే ఆ రోజుకు వద్దంతే.

ఆదివారం మిర్యాలగూడ నుంచి పొద్దుటి బస్సుకు నల్లగొండ వస్తున్నా. అగ్రిమెంట్ మీద అప్పటిదాకా సంతకం పెట్టకు, ఇద్దరం కూర్చుని చదువుదాం. చిన్నదానికి సకినాలు తెస్తున్నా.

నీ పెద్దమ్మ