మార్ఫిన్ స్ట్రిప్పును బీరువాలో దాచకండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: నాన్నగారికి పేగు క్యాన్సర్, కాలేయానికి పాకింది. ఇక కీమో వద్దు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాసిచ్చారు గానీ, వేస్తే తొందరగా పోతారేమోనని మీరు స్ట్రిప్పు విప్పలేదు. తిండి మానేశారు, సెలైన్ పెట్టించాలా? అసలు సంగతి ఆయనకు చెప్పాలా?

నేను డాక్టర్ని కాను. మా అమ్మను చివరి మూడు నెలలు ఇంట్లో ఉంచుకుని చూసుకున్నాను, అంతే. మీరిప్పుడు చేస్తున్న తప్పే నేనూ చేశాను కాబట్టి రాస్తున్నాను.

అమ్మది రొమ్ము క్యాన్సర్. నడుము, తుంటి ఎముకలకు పాకింది. దుప్పటి మార్చడానికి పక్కకు తిప్పితే కింద వాటాలో వాళ్ళు పైకి వచ్చి చూసేంతగా అరిచేది. ట్రామడాల్ అనే నొప్పి మాత్రకు ఆగలేదు. అంతకుముందు చూపించిన ప్రైవేటు ఆసుపత్రిలో "ఇంకో సైకిల్ కీమో చూద్దాం" అన్నారే గానీ నొప్పి సంగతి ఎవరూ ఎత్తలేదు. చివరికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళితే, అక్కడ జబ్బు నయం కాని వాళ్ళకు నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం వాళ్ళు మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు, 10 మిల్లీగ్రాములవి. ఇంటికి రాగానే మా మేనమామ అన్నాడు, "అది మత్తుమందురా, మొదలుపెట్టినమంటే ఇగ చేతులెత్తేసినట్టే." నేను వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాను. పదకొండు రోజులు.

పన్నెండో రోజు ఇంటికొచ్చి చూసే నర్సు వచ్చింది. నొప్పికి పదికి ఎన్ని మార్కులని అడిగితే అమ్మకు అర్థం కాలేదు. అప్పుడామె "అమ్మా, నొప్పి రూపాయికి ఎన్ని అణాలుంది?" అంది. అమ్మ ఆలోచించి, "పగటిపూట పద్నాలుగు అణాలు. రాత్రయితే పదహారూ నిండుతయ్ బిడ్డా" అంది. నర్సు నావైపు తిరిగి "మాత్రలేవీ?" అని ఒక్కమాటే అడిగింది. తాళం చెవి కోసం నా చేయి జేబులోకి పోయింది. ఆ క్షణం ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు కుంచించుకుపోతుంది.

మొదటి రెండు రోజులు అమ్మ మగతగా పడుకుంది. "చూశావా, చెప్పానా" అన్నాడు మామయ్య. నిజానికి ఆ మగతలో మందు సగమైతే, నెలల తరబడి లేని నిద్ర సగం. మూడో రోజు పొద్దున లేచి టీ అడిగింది, తల దువ్వమంది. నొప్పి ఎంతుందంటే "నాలుగణాలు" అంది. ఆ తర్వాత రెండున్నర నెలలకు పైనే ఉంది. మార్ఫిన్‌తో పోలేదు, క్యాన్సర్‌తో పోయింది. డాక్టరు చెప్పిన లెక్కలో, కొద్దికొద్దిగా పెంచుకుంటూ వాడితే అది ప్రాణం తీయదు. నొప్పికి వాడినవాళ్ళకు వ్యసనంగా మారడం కూడా అరుదేనని మాకు చెప్పారు.

వాడే పద్ధతి మాత్రం పక్కాగా ఉండాలి. నొప్పి వచ్చాక ఇచ్చే మందు కాదిది, గడియారం చూసి ఇచ్చేది. మామూలు మాత్రయితే నాలుగు గంటలకోసారి. మాకు ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదికి రెట్టింపు. అలా ఇస్తే అర్ధరాత్రి రెండింటికి లేపక్కర్లేదు. క్యాలెండర్ కాగితం వెనక గళ్ళు గీసి టిక్కు పెట్టేవాళ్ళం. మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనంగా ఎంత ఇవ్వాలో ముందే రాయించుకోండి. మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఉండాలి. మార్ఫిన్‌కు మలబద్ధకం నీడలాంటిది, మగత, వాంతులు నాలుగు రోజుల్లో పోయినా అది పోదు. మీ నాన్నగారిది పేగు జబ్బు కాబట్టి ఆ మందేదో డాక్టర్నే అడగండి. కిడ్నీలు బాగాలేకపోతే ఆ సంగతీ చెప్పండి, మోతాదు మారుస్తారు. లేపినా లేవనంత మత్తు, ఊపిరి మరీ నెమ్మదించడం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి. మీ అంతట మీరు హఠాత్తుగా ఆపేయొద్దు.

అమ్మ తుంటి నొప్పికి ఒక్క సిట్టింగు రేడియేషన్ కూడా ఇచ్చారు. ఎముకలకు పాకినవాళ్ళకు అదొక మార్గం ఉందని చాలామందికి చెప్పరు.

మందుల షాపుల్లో వెతకకండి, నేను ఏడు షాపులు తిరిగాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఎవరూ పెట్టరు. 2014లో సవరించాక, గుర్తింపు ఉన్న ఆసుపత్రులు నేరుగా ఇవ్వగలుగుతున్నాయి. తెలంగాణలో అయితే జిల్లా ఆసుపత్రుల్లోని పాలియేటివ్ కేంద్రాల్లో అడగండి, ఇంటికొచ్చి రోగిని చూసే 'ఆలన' బండి గురించి కూడా.

ఇక తిండి. మా పెద్దమ్మ గిన్నెలో గటక కలుపుకొచ్చి, అమ్మ నోరు మూసుకుంటే "ముద్ద పెట్టకుండ సంపుతున్నరు" అని ఏడ్చింది. ఆ మాట పడలేక పక్క వీధి ఆర్ఎంపీని పిలిచి రోజుకు రెండు సెలైన్లు పెట్టించాను. మూడు రోజుల్లో కాళ్ళు ఉబ్బాయి, గొంతులో గురగుర మొదలైంది. నర్సు వచ్చి ఆపించింది. ఒళ్ళు మూతపడుతున్నప్పుడు ఆ నీళ్ళు ఎక్కడికీ పోలేక ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో చేరతాయట. తినకపోవడం వల్ల పోవడం లేదు, పోతున్నారు కాబట్టి తినడం లేదు. ఇది పెద్దమ్మకు చెప్పడానికి నాకు వారం పట్టింది. అందరికీ ఇదే వర్తిస్తుందని కాదు. ఇంకా తిరుగుతున్న మనిషికి విరేచనాలై నీరసిస్తే సెలైన్ కావాల్సిందే. అది డాక్టరు తేల్చాలి, చుట్టాలు కాదు.

చివరి రోజుల్లో దాహం కంటే నోరు ఎండటమే బాధ. శుభ్రమైన మెత్తటి గుడ్డ తడిపి గంటకోసారి నోరు తుడిచేవాళ్ళం, పెదాలకు వాజిలిన్. ఒకరోజు అమ్మ "జర తొక్కు నాకిస్త" అంది. మామిడికాయ తొక్కు చిటికెనవేలికి అద్ది నాలుకకు రాశాను. కళ్ళు మూసుకుని చప్పరించింది. మూడు వారాల్లో ఆమె ఇష్టంగా తిన్నది అదొక్కటే.

పుండు ఉంటే ఇంకో సంగతి. అమ్మ ఛాతీ మీది పుండు వాసనకు మనవళ్ళు గదిలోకి రావడం మానేశారు. మేం అగరుబత్తులు వెలిగిస్తూ పోయాం. నర్సు మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద చల్లడం నేర్పింది. నాలుగైదు రోజుల్లో పిల్లలు మళ్ళీ మంచం మీదెక్కి కూర్చున్నారు.

చెప్పాలా వద్దా అంటే, మీ నాన్నగారికి ఈపాటికే తెలిసి ఉంటుంది. మేం నాలుగు నెలలు "గడ్డ కరుగుతోంది" అని నాటకమాడాం. ఒక రాత్రి అమ్మే "నాకు తెల్వదనుకున్నవా బిడ్డా? మీరు బాధపడ్తరని నేనే ఊకున్న" అంది. ఆ మర్నాడు గాజులు ఎవరికో, పొలం పాస్‌బుక్కు ఎక్కడుందో చెప్పింది. మీరేమీ ప్రకటించక్కర్లేదు. "నీ ఒంటి గురించి నీకేమనిపిస్తుంది నాన్నా?" అని అడిగి ఊరుకోండి. ఆయనే ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటే అంతవరకు అడుగుతారు. ఐసీయూ, వెంటిలేటర్ వద్దనుకుంటే ఆ మాట ఆయన నోట వినగలిగేది ఇప్పుడే. దాన్ని రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసి, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలంది. మేం రాయలేదు, కానీ ఇంట్లో అందరం ఒక్కమాట మీద ఉన్నాం. లేకపోతే ఆఖరి గంటలో ఎవరో ఒకరు అంబులెన్సు పిలుస్తారు.

అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడండి. మా ఓనరు "ఇంట్లో పోతే పనికిరాదు" అన్నాడు. అందుకే ఆఖరి నెలలో ఊరికి తీసుకెళ్ళాం. హైదరాబాద్‌లో చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను ఉచితంగా చూసే స్పర్శ్ హాస్పిస్ లాంటి చోట్లు ఉన్నాయి, ఇంట్లో కుదరకపోతే సిగ్గుపడక్కర్లేదు.

చివరి రెండు రోజులు చేతులు చల్లబడ్డాయి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. గొంతులో గురగుర వినేవాళ్ళకే భయం గానీ, ఆమెకు బాధ లేదన్నారు. పక్కకు ఒత్తిగిలి పడుకోబెడితే తగ్గింది. చూస్తున్న డాక్టరు నంబరు దగ్గర పెట్టుకోండి. ఇంట్లో పోతే కారణం రాసివ్వాల్సింది ఆయనే. 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి.

మిగిలిన మాత్రలు తిరిగి ఇచ్చేయమన్నారు. కౌంటర్ దగ్గర లెక్కపెడితే ఇరవై ఆరు.

మీ దగ్గరున్న స్ట్రిప్పు సంగతి: రాసిన డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేసి మోతాదు ఇంకోసారి అడగండి, విరేచనం సాఫీగా అయ్యే మందు పేరు రాసుకోండి, రాత్రి పదింటి మాత్రతో మొదలుపెట్టవచ్చా అని అడగండి. సరేనంటే ఈ రాత్రే వేయండి.