దడ మాత్ర వాడేవారికి దగ్గు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 64. గుండె దడకు ఏడాదిగా అమియోడరోన్ 200 ఎంజీ, రక్తం పలచబడేందుకు ఎసినోకౌమరాల్ వాడుతున్నారు. ఇప్పుడు దడ లేదు గానీ ముఖం నల్లబడుతోంది. ఏ క్రీమ్ రాయాలి? నెలగా పొడి దగ్గుంటే మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ తెచ్చి వేశాం. అమియోడరోన్ ఆపేయవచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముఖం నల్లబడటం చాలావరకు అమియోడరోన్, ఎండ కలిసి చేసే పనే. పొడుగు చేతుల చొక్కా, గొడుగు, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ వాడండి. నన్ను కంగారు పెడుతున్నది ఆ దగ్గు. ఈ మందు కొందరిలో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పొడి దగ్గు, నడిస్తే ఆయాసం దాని తొలి లక్షణాలు కావచ్చు. మామూలు దగ్గే అయ్యుండవచ్చు కూడా, చూడకుండా చెప్పలేం. ఈ వారంలోనే ఛాతీ ఎక్స్‌రే తీయించండి, అవసరమైతే సీటీ స్కాన్ రాస్తారు. ఆయాసం ఉంటే వారం కూడా ఆగొద్దు.

అజిత్రోమైసిన్ సొంతంగా ఎందుకు వేశారండీ? ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని అమియోడరోన్ పొడిగిస్తుంది, అజిత్రోమైసిన్ కూడా అదే చేస్తుంది. రెండూ కలిస్తే గుండె కొట్టుకోవడంలో ప్రాణాంతకమైన లయ దోషం రావచ్చు. విరేచనాలై పొటాషియం తగ్గితే ముప్పు ఇంకా ఎక్కువ. పైగా రక్తం పలచబడే మాత్ర ప్రభావాన్ని అమియోడరోన్ పెంచుతుంది, యాంటీబయాటిక్ మరికొంత పెంచవచ్చు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు. సాధారణంగా 2–3 మధ్య ఉండాలి, రేపే చేయించండి. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి మలం, తీవ్రమైన తలనొప్పి ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. దగ్గుకైనా, కీళ్ల నొప్పికైనా షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవడం ఈ మందులు వాడేవారికి అసలు పనికిరాదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రతోనూ కడుపులో రక్తస్రావం కావచ్చు.

అమియోడరోన్ మీరుగా ఆపకండి. ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 50 రోజులు పడుతుంది కాబట్టి, ఆపిన వెంటనే తేడా కనిపించదు. వారాల తర్వాత దడ తిరగబెట్టవచ్చు, ఐఎన్ఆర్ కూడా మారుతూ పోతుంది. ఊపిరితిత్తుల్లో తేడా ఉంటే ఆపి వేరే మందు పెట్టడం మీ కార్డియాలజిస్టు నిర్ణయం. రక్తం పలచబడే మాత్ర మాత్రం ఆయన చెప్పనిదే ఒక్కరోజూ మానొద్దు, పక్షవాతం వచ్చే ప్రమాదముంది.

200 ఎంజీ మాత్రలో దాదాపు 75 ఎంజీ అయోడిన్ ఉంటుంది, మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే. అందుకే థైరాయిడ్ పనితీరు పెరగనూవచ్చు, తగ్గనూవచ్చు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష, కాలేయ పరీక్ష ఆరు నెలలకోసారి తప్పనిసరి. పాత చీటీతోనే ఏడాదిగా మాత్రలు కొంటూ ఉంటే అవి జరిగి ఉండవు. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు నాన్నగారు వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, అజిత్రోమైసిన్‌తో సహా, తీసుకెళ్లండి.