‘బంగారంలాంటి పిల్లలున్నారుగా, ఇంకేం కావాలి?’ – చంటిపిల్లల తల్లిదండ్రుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు మూడేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు. రోజూ రాత్రి కృతజ్ఞతగా అనిపించిన అయిదు విషయాలు డైరీలో రాస్తే మనసు తేలికపడుతుందని విని మొదలుపెట్టాను. నాలుగో రోజుకే ‘పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు, తిండికి లోటు లేదు’ అని అదే అదే రాస్తున్నాను. హాయి సంగతి అటుంచి, ఇంకో పని నెత్తిన పడ్డట్టుంది. లోపం నాలోనే ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లోపం మీలో లేదు, పద్ధతిలో ఉంది. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో రాత్రి పెన్ను పట్టుకుంటే నిద్రే గెలుస్తుంది. ఎనిమిది నెలల పిల్లలు సాధారణంగా పగలు రెండు మూడుసార్లు పడుకుంటారు. బాబు పొద్దుటి నిద్రలోకి జారుకోగానే మొదటి నిమిషం దీనికి ఇవ్వండి. ఆ తర్వాత మీ పనులు మీకెలాగూ ఉంటాయి.

డైరీ కూడా వద్దు. వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్ చాలు. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గడిలోనే ఒక్క ముక్క రాయండి. గడి చిన్నది కాబట్టి వ్యాసం రాయాలన్న బెంగ ఉండదు. పెన్సిల్‌ని క్యాలెండర్ మేకు దగ్గరే, పాపకు అందనంత ఎత్తులో పెట్టండి. వెతుక్కోవాల్సి వస్తే ఆ రోజు రాయడం జరగదు.

ఇక రాసే మాట. ‘పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు’ అన్నది నిజమే. కానీ రోజూ ఉండేదాన్ని మనసు లెక్కలోకి తీసుకోవడం మానేస్తుంది. ఇవాళ మాత్రమే జరిగినది కావాలి. ఏం జరిగింది, ఎవరివల్ల జరిగింది, దాంతో నాకేం కలిసొచ్చింది అన్న మూడూ ఉండేలా చూసుకోండి. ‘బాబు గంటన్నర పడుకున్నాడు, అత్తయ్య ఊయల ఊపారు, తలంటుకున్నా.’ ‘పాప చెప్పులు తనే వేసుకుంది, కుడీ ఎడమా తారుమారు, అయినా ఆటో అందింది.’ ఇలా రాసింది నెల తర్వాత చదివినా ఆ రోజు కళ్లముందు కనిపిస్తుంది.

2005లో అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో కొందరిచేత వారం పాటు ప్రతి రాత్రీ మూడు మంచి విషయాలు, వాటి కారణాలతో సహా రాయించారు. ఆరు నెలల తర్వాత కూడా వాళ్లలో సంతోషం ఎక్కువగా, దిగులు తక్కువగా కనిపించింది. మనం తరచూ వదిలేసేది ఆ కారణాన్నే. మరో మనస్తత్వవేత్త సోన్యా ల్యుబోమిర్‌స్కీ చేసిన ప్రయోగంలో వారానికి ఒక్కసారి రాసినవాళ్లకు మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. ఎక్కువసార్లు రాస్తే అదీ మొక్కుబడి అయిపోతుంది మరి. ఇవి ప్రత్యేకించి చంటిపిల్లల తల్లుల మీద చేసిన ప్రయోగాలు కావు కాబట్టి పద్ధతి తీసుకుని సంఖ్య తగ్గించుకోవడమే మంచిది. మొదటి వారం రోజుకొకటి, తర్వాత వారానికి ఒక్కసారి. తప్పిపోయిన రోజుల గడులు ఖాళీగానే వదిలేయండి. ఆదివారం కూర్చుని వారం మొత్తం గుర్తుచేసుకుని నింపడం మొదలైతే అది హోంవర్కే.

రెండు రకాల వాక్యాలు మాత్రం రాయొద్దు. ‘పక్కింటి పిల్లాడికంటే మనవాడు నయం’ అన్నది ఒకటి. రేపు ఆ పిల్లాడు ముందు నడిస్తే ఈ సంతోషం ఎగిరిపోతుంది. ‘ఇవాళైనా ఆయన గిన్నెలు కడిగారు’ అన్నది రెండోది. అందులో ‘ఇవాళైనా’ తీసేస్తేనే అది కృతజ్ఞత. ఉంచితే ఎత్తిపొడుపే.

ప్రశ్న: అలసిపోయానని నోరు తెరిస్తే చాలు, ‘పిల్లల్లేక ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా, నీకు బంగారంలాంటి పిల్లలున్నారు’ అంటారు మా అత్తగారు. నిజమే కదా అని నోరు మూసుకుంటాను. తర్వాత పిల్లల మీద అరుస్తాను. నేను కృతజ్ఞత లేని మనిషినా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కాదు. పిల్లలంటే ప్రాణం, ఒళ్లు హూనం. ఈ రెండూ ఒకే రోజు, ఒకే గంటలో నిజం కావచ్చు. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని నోరెత్తనివ్వకపోతే అది ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. ఎక్కువసార్లు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల మీదే.

అత్తగారితో వాదించొద్దు. ఆమె మాటతోనే మొదలుపెట్టి పని అడగండి: ‘అవునత్తయ్యా, పిల్లలు బంగారమే. ఒక్క గంట వీణ్ణి చూసుకుంటారా, కాస్త నడుం వాలుస్తాను.’ ‘కొంచెం సాయం చేయండి’ అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. ఏ పని, ఎంతసేపు అన్నది చెబితే చాలామంది కాదనరు. ఆ గంట దొరికాక ‘మీరు చూసుకోబట్టే ఇవాళ తలనొప్పి తగ్గింది’ అని ఆమెతోనే చెప్పండి. ఈ మాట విన్న మనిషి రేపు తనంతట తానే పిల్లాణ్ణి ఎత్తుకునే అవకాశం ఎక్కువ.

పై జవాబులో చెప్పినట్టు క్యాలెండర్ గడిలో రాసే మంచి ముక్కతోపాటు ఆ రోజు విసిగించినదాన్ని కూడా ఒక్క మాటలో రాసుకోండి. మొదటి వారంలో ఒకే విసుగు మూడుసార్లు వచ్చిందంటే దాన్ని ఓర్చుకోవడం కాదు, తీర్చుకోవాలి. రాత్రి పదింటికి గిన్నెలు తోమడమే అందరికంటే ఎక్కువసార్లు కనిపిస్తే ఆ పని ఎవరికి మార్చాలి, ఏ వేళకు మార్చాలి అన్నది ఇంట్లో మాట్లాడండి.

ఇంకో మాట. పడుకుని లేచినా అలసట తీరకపోతే, మెట్లెక్కితే ఆయాసం వస్తే, జుట్టు విపరీతంగా రాలుతుంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. కాన్పయిన ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ కూడా గాడి తప్పుతుంది. రక్తం తక్కువైన మనిషికి కావాల్సింది మందు, మంచి తిండి. మంచి విషయాలు లెక్కపెట్టుకోమని చెప్పడం ఆ తర్వాతి సంగతి.

ప్రశ్న: నా భార్యకు కాన్పయి ఐదు వారాలైంది. బాబు ముద్దుగా ఉన్నాడు, ఇంట్లో అందరం తోడుగా ఉన్నాం. అయినా ఊరికే ఏడుస్తుంది. వాణ్ణి ఎత్తుకున్నా ఏమీ అనిపించట్లేదంటోంది. పాజిటివ్‌గా ఆలోచించమని, మంచి విషయాలు రాసుకోమని ఎంత చెప్పినా లాభం లేదు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రాసుకోమని చెప్పడం ఈ రోజే ఆపేయండి. ఆ స్థితిలో ఖాళీ కాగితం ఆమెకు ‘నాకేదీ అనిపించట్లేదు, నేను చెడ్డతల్లిని’ అన్న సాక్ష్యంలా కనిపిస్తుంది.

కాన్పయిన రెండు మూడు రోజులకు మొదలై రెండు వారాల్లో తగ్గిపోయే ఏడుపు చాలామందికి మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. అది జబ్బు, చికిత్స ఉంది. గైనకాలజిస్టుకు గాని, మానసిక వైద్యులకు గాని ఈ వారంలోనే చూపించండి. ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నల పత్రం ఉంటుంది. 1987 నుంచి వాడుకలో ఉన్న ఆ పత్రంతో డిప్రెషన్ ఉండే అవకాశం ఎంతో డాక్టరు అంచనా వేస్తారు. పాలిచ్చే తల్లులకు ఇవ్వదగ్గ మందులు కూడా ఉన్నాయి కాబట్టి ఆ భయంతో ఆగొద్దు. దగ్గర్లో ఎవరూ లేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

చనిపోవాలనిపిస్తోందన్నా, బిడ్డకు హాని చేస్తానేమోనన్నా, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకుండా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఎవరో చెవిలో మాట్లాడుతున్నారన్నా ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలొద్దు.

ఇంట్లో మీరు చేయగలిగింది, రాత్రి నాలుగైదు గంటలు ఏకధాటిగా ఆమెను నిద్రపోనివ్వడం. ఒక దఫా పాలు ముందే పిండి ఉంచితే మీరు పట్టొచ్చు. డైపర్ మార్చడం, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం మీ వంతు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం. నేను ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పిల్లలు నిద్రలో ఉంటారు. ఆదివారం అంతా గోలే. పిల్లలున్న ఆనందం ఎప్పుడు అనుభవించాలి?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: పొద్దున ఒక పని పూర్తిగా మీ చేతిలోకి తీసుకోండి. పళ్లు తోమించడమో, పాలు కలిపి ఇవ్వడమో, బూట్లు వేయడమో. పది నిమిషాలే, కానీ రోజూ మీరే చేయాలి, ఫోన్ వేరే గదిలో ఉండాలి. పని చేసేవాళ్లకే పిల్లల చిన్న మార్పులు కనిపిస్తాయి. నిన్నటిదాకా ఉమ్మడం రాని పిల్ల ఇవాళ నీళ్లు పుక్కిలించిందన్నది పక్కనున్నవాళ్లకు తెలియాల్సిందే గాని ఫొటోలో దొరకదు.

రాత్రి భార్యతో ‘అన్నిటికీ థాంక్స్’ అనకండి, ఆ మాట ఎక్కడా ఆనదు. ‘జ్వరంలో ఉన్నదానికి మందు ఎలా తాగించావు?’ అని అడగండి, చెప్పేది పూర్తిగా వినండి.

ప్రశ్న: నాలుగేళ్ల మా అమ్మాయి ఎవరేం ఇచ్చినా థాంక్యూ చెప్పదు. చుట్టాల ముందు తలవంపులుగా ఉంటోంది.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అవతలివాళ్లకూ ఒక మనసుంటుందని, తనకోసం ఏదో చేశారని పిల్లలకు నాలుగేళ్ల ప్రాంతంలో అర్థమవడం మొదలవుతుంది. అంతకుముందు చెప్పే థాంక్యూ చిలకపలుకే. నలుగురిలో ‘చెప్పు, చెప్పు’ అంటే బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో మీరే చెప్పేయండి: ‘పాపకు గాజులు తెచ్చారా పిన్నీ, చాలా సంతోషం.’ పాప వింటుంది, అది చాలు.

అన్నం తినేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: ‘ఈ బెండకాయలు ఎవరు తెచ్చారు? ఎవరు తరిగారు?’ రెండు నిమిషాలు దాటనివ్వొద్దు, పాఠంలా మారితే ముద్ద ఆగిపోతుంది. గ్యాస్ బండ తెచ్చినతనికి మంచినీళ్ల గ్లాసు ఆమెచేత ఇప్పించండి. తాతయ్య సున్నుండలు పంపితే ఫోన్‌లో ‘థాంక్యూ చెప్పు’ అనకుండా ‘ఎన్ని తిన్నావో చెప్పు’ అనండి. అన్నిటికంటే ముందు మీరు ఆమెకు చెప్పండి: ‘చెప్పులు జత చేసి పెట్టావా? నాకు వెతుక్కునే పని తప్పింది.’

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. కాన్పుకు వచ్చిన అమ్మానాన్న ఆరు నెలలు ఉండి వెళ్లిపోయారు. ఇద్దరు పిల్లలతో ఇల్లు బోసిగా ఉంది. వాళ్లు చేసినదానికి సరిగా ఒక మంచి మాట కూడా చెప్పలేకపోయానని బాధ.
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడు చెప్పొచ్చు, ఉత్తరం రాసి చదివి వినిపించండి. పైన చెప్పిన 2005 ప్రయోగంలోనే కృతజ్ఞతగా ఉత్తరం రాసి స్వయంగా అందించిన వాళ్లలో సంతోషం వెంటనే బాగా పెరిగింది, నెల రోజుల దాకా నిలిచింది. తర్వాత తగ్గింది కాబట్టి ఇదొక్కసారితో సరిపెట్టకుండా వీలైనప్పుడల్లా చిన్న వాయిస్ మెసేజ్ పెడుతుండండి.

ఒక పేజీ చాలు. ‘మీ రుణం తీర్చుకోలేను’ లాంటి పెద్దమాటలు తగ్గించి మూడు పనులు ఎంచుకోండి. వెల్లుల్లి కారంతో వేడన్నం కలిపి పెట్టడం, తెల్లవారుజామున పెద్దదాన్ని అమ్మ తన గదిలోకి తీసుకెళ్లి మీకు నిద్ర దొరికేలా చేయడం, ఇలా. ఆ పని లేకపోతే ఆ రోజు మీకు ఎలా గడిచేదో ఒక్కో వాక్యం జోడించండి. వేసవిలో మీకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వాళ్లకు ఉదయం ఏడు. పిల్లలు పడుకున్నాక, వాళ్ల కాఫీ వేళకు వీడియో కాల్ చేయండి. అమ్మ మధ్యలో ‘ఏంటే ఇదంతా’ అని అడ్డుపడుతుంది, ఆగకుండా చివరిదాకా చదవండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టమని చెప్పి, నాన్నకోసం విడిగా ఒక పేరా రాసి ఉంచుకోండి. మంచులో పెద్దదాన్ని స్కూలు బస్సు దాకా నడిపించింది ఆయనే అయితే ఆ సంగతి అందులో రావాలి.