మునిమాపు వేళ జీడితోటలో గోళీ చప్పుడు

ప్రశ్న: మేము విశాఖపట్నంలోని మధురవాడలో ఉంటాము. వేసవి సెలవులకు ఆనందపురం అవతల ఉన్న మా అత్తగారి ఊరు వెళ్లాము. పొద్దు కుంకి దీపాలు పెట్టే వేళకు జీడితోట వైపు నుండి ‘చుక్, చుక్, చుక్’ అని మొదలై, చివరకు ‘టుర్ర్‌ర్’మని ఆగిపోయే శబ్దం రోజూ వినిపిస్తోంది. కాసేపటికి అదే శబ్దం ఇంకో చోట నుండి వస్తుంది. టార్చిలైటు వేసి చెట్లన్నీ వెదికినా ఏమీ కనబడలేదు. అది తీతువు పిట్ట అనీ, ఇంటి దగ్గర కూయడం మంచిది కాదనీ, రాళ్లు రువ్వి తోలేయాలనీ మా అత్తగారు అంటున్నారు. పిల్లలు భయపడుతున్నారు. ఇంతకీ అది ఏ పక్షి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మొదట విడివిడిగా, తరువాత దగ్గర దగ్గరగా, చివరకు ఒకదానిలో ఒకటి కలిసిపోయే ఆ చప్పుడు ఇండియన్ నైట్‌జార్ అనే పక్షి కూత. ఇంగ్లీషు పుస్తకాలు దీనిని గడ్డకట్టిన చెరువు మీద జారిపోయే రాయి చప్పుడుతో పోలుస్తాయి గాని, మన ప్రాంతంవారికి ఆ పోలిక అందదు. ఇంట్లో కడప బండ మీద ఒక గోళీని జానెడు ఎత్తు నుండి జారవిడిచి, అది ఎగిరెగిరి పడుతూ నిలిచేదాకా పిల్లలను వినమనండి. తోటలో వినిపించేది అదే లయ అని వారే గుర్తు పడతారు. భయం కూడా చాలావరకు అక్కడే తీరుతుందని నా నమ్మకం.

మీ అత్తగారి ఊహ నిరాధారమైనది కాదు. తీతువు కూడా రాత్రివేళ కూసే పక్షే. అయితే అది చెరువు గట్ల దగ్గర, తడి పొలాల్లో పసుపుపచ్చని పొడుగాటి కాళ్లతో తిరుగుతూ, మనిషి అలికిడికి బెదిరి, పైకి లేచి గట్టిగా అరుస్తుంది. ఆ అరుపులో ఈ గోళీ లయ ఉండదు. ‘టుక్ టుక్’మని ఒకే వేగంతో కొట్టే కంసాలి పిట్ట అవుతుందా అంటే, అది పగటి పక్షి, చీకటి పడేసరికి మౌనం వహిస్తుంది. ఒక్క సందేహానికి మాత్రం చోటుంది. కంబాలకొండ వంటి దట్టమైన అడవులకు ఆనుకుని ఉన్న ఊళ్లలో జెర్డన్ నైట్‌జార్ అనే దగ్గరి జాతి కూడా కూయవచ్చు. దాని కూత కప్ప అరుపును తలపిస్తూ వణుకుతుందే తప్ప, చివరకు వచ్చేసరికి ఇలా వేగం పుంజుకోదు. మీరు రాసిన ‘టుర్ర్‌ర్’ అనే ముగింపే నా నిర్ణయానికి ఆధారం.

చెట్లన్నీ వెదికినా కనబడకపోవడానికి కారణం, మీరు పైన వెదకడమే. ఇది ఎక్కువగా నేల మీద, రాళ్ల మీద, కంచె గుంజల మీద కూర్చునే పక్షి. పొడవు దాదాపు 24 సెంటీమీటర్లు. బూడిద, గోధుమ, నలుపు చారలు కలిసిన ఈకలతో రాలిన జీడాకుల నడుమ అణిగి కూర్చుంటే, రెండు బారల దూరంలో నిలబడినవారికి కూడా ఎండుటాకుల కుప్పే కనిపిస్తుంది. రాత్రి మట్టిబాట మీద కూర్చున్నప్పుడు మాత్రం టార్చి వెలుగు కళ్ల మీద పడితే, అవి నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తాయి. లేచి ఎగిరినప్పుడు రెక్కల్లో, తోకలో తెల్లని మచ్చలు కనిపిస్తాయి. ఆ రెండు గుర్తులకు ఈ గోళీ లయ కూడా తోడైతే ఇక అనుమానం అక్కరలేదు.

ముక్కు చూడడానికి చిన్నదే గాని, నోరు తెరిస్తే కప్ప నోరంత వెడల్పు. సంధ్యవేళ లేచే రెక్కల పురుగులను, పేడపురుగులను, ఉసిళ్లను ఎగురుతూనే ఆ నోటితో పట్టుకుంటుంది. పురుగుల కోసం మందల దగ్గర తిరిగే ఈ జాతి పక్షులను చూసి, అవి మేకల పాలు తాగుతాయని యూరప్ పల్లెల్లో పూర్వం నమ్మేవారు. అందుకే వీటికి లాటిన్‌లో ‘మేకల పాలు పితికేది’ అనే అర్థమిచ్చే ‘కాప్రిముల్గస్’ అన్న పేరు స్థిరపడింది. మన నైట్‌జార్‌కు ‘ఆసియాటికస్’ అన్న జాతి నామాన్ని 1790లో జాన్ లేథమ్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టారు. అక్కడ పాల దొంగతనం అంటగట్టారు, ఇక్కడ అపశకునం అంటగడుతున్నారు. రెంటిలోనూ పక్షి తప్పేమీ లేదు. పంట పురుగులను తినే ఈ పిట్టను దయచేసి రాళ్లతో కొట్టవద్దు.

నిర్ధారణ కోసం మీ ఫోనులో రెండు నిమిషాల పాటు కూతను రికార్డు చేసి, మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో వినిపించవచ్చు. కీచురాళ్ల రొద తక్కువగా ఉన్నచోట నిలబడండి. అయితే రికార్డు చేసిన కూతను తోటలో మళ్లీ మళ్లీ మోగించకండి. వేరే పక్షి తన చోటికి వచ్చిందనుకుని అది కలవరపడుతుంది.

మరొక్క మాట, ఇది మీ అత్తగారికి కూడా చెప్పవలసినది. ఈ పక్షి గూడు కట్టదు. వేసవిలో సాధారణంగా రెండు గుడ్లను వట్టి నేల మీదే పెట్టి పొదుగుతుంది. జీడిపిక్కలు ఏరే రోజులు కూడా అవే కావడంతో, చెట్ల కింద ఆకులు ఊడ్చి తగలబెట్టేటప్పుడు గుడ్లు కాలిపోయే ప్రమాదం ఉంది. కాళ్ల దగ్గరి ఆకుల్లోంచి పిట్ట చప్పుడు లేకుండా లేస్తే, అడుగు వేయకుండా అక్కడే నిలబడి నేలను పరిశీలించమనీ, గుడ్లు కనబడితే పక్కన ఒక పుల్ల గుచ్చి, ఆ మేర ఆకులను కదపకుండా వదిలేయమనీ తోటలో పనిచేసేవారికి చెప్పండి.