చిత్రిక పడితే టేకు పెచ్చులుగా లేస్తోందా?

తమ్ముడూ, విజయనగరంలో ప్రతి ఆదివారం ఒక మేస్త్రి గారి దగ్గర ఒక్కడినే వడ్రంగం నేర్చుకుంటున్నానని, చిత్రిక పడితే టేకు పెచ్చులుగా లేస్తోందని, మళ్లీ అడగాలంటే మొహమాటమని రాశావు.

ఎక్కువగా ఇది నారకి, అంటే చెక్కలో పోగులు సాగే దిశకి, ఎదురు పట్టడం వల్లే వస్తుంది. చెక్కని పక్కకి తిప్పి అంచు చూడు. గీతలు ఏటవాలుగా ఒక వైపు పైకి ఎక్కుతుంటాయి. అవి ఎక్కే వైపుకే చిత్రిక నడపాలి, గేదె వీపు నిమిరినట్టు. బ్లేడు మరీ బయటికి రానివ్వకు. పొర ఉల్లిపొరలా చుట్టుకుంటూ రావాలి. పొడిలా రాలుతుంటే బ్లేడు పదును పోయినట్టే, ముందు నూరుకో. కణుపు దగ్గర ఏటవాలుగా, పల్చగా తియ్యి.

పనస చెక్క జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. గొల్లపల్లిలో బొబ్బిలి వీణలు చేసేది దానితోనే గానీ, నార మెలితిరిగి ఉంటుంది, కొత్త చేతికి లొంగదు.

ఇక మొహమాటమంటావా, నోటితో అడక్కు. లేచిపోయిన ముక్కే పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టు. నేను పాడుచేసిన స్టూలు కాలు అలాగే ఇస్తే మా మేస్త్రి గారు ఒక్క మాటా అనలేదు. చెక్కని అటు తిప్పి, మళ్లీ నా చేతికిచ్చారు.