చదివింపుల పుస్తకంలో లేని పేర్లు

ప్రశ్న: అమ్మా, మాది అమలాపురం దగ్గర చిన్న ఊరు. ఒక సెంటరు, ఒక సంత, రెండు కాలువలు, అంతే. నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. అమ్మకి 71 ఏళ్లు, బీపీ, సుగర్ ఉన్నాయి. బెంగళూరులో మా ఇంటికి తీసుకొచ్చాం. ఏడో అంతస్తులో రెండు నెలలు బాల్కనీలో కూర్చుని, మా ఊరు పంపించెయ్యరా అని ఒకటే మాట. పంపించాను. ఇప్పుడు చుట్టాలు ఫోన్ చేసి తల్లిని ఒక్కదాన్నీ వదిలేశావంటున్నారు. ఇల్లు, అరెకరం కొబ్బరితోట అమ్మేస్తే తనే వస్తుందని మా ఆవిడ అంటోంది. ఇంకో సంగతి, బీరువాలో నాన్నగారు దాచిన చదివింపుల పుస్తకాలు మూడు దొరికాయి. మా మేనత్తల పెళ్లిళ్ల దగ్గర్నుంచి ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలి?
– ఓ పాఠకుడు, బెంగళూరు

జవాబు: బాబూ, ముందు ఆ పుస్తకాల సంగతి చెప్తాను, ఎందుకంటే మీ మిగతా ప్రశ్నలకి సగం జవాబు వాటిలోనే ఉంది. పారెయ్యకండి. పెళ్లిలో ఒక మూల బల్ల వేసుకుని ఇంటిపేరు, పేరు, ఊరు, ఎంత చదివించారు అని రాసుకునేది డబ్బు లెక్క కోసమే అనుకుంటారు చాలామంది. ఇవాళ 116 రూపాయలు చదివించినవాళ్లింట్లో రేపు శుభకార్యం అయితే మనం వెళ్లాలి, కాలాన్ని బట్టి కొంచెం కలిపి చదివించాలి, అదీ దాని అర్థం. మీ నాన్నగారు నలభై యాభై ఏళ్లుగా ఎవరెవరి గుమ్మం తొక్కారో, ఎవరు మీ గుమ్మం తొక్కారో అందులో ఉంది. ఈసారి ఊరు వెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని పేజీలు తిప్పండి. ఒక్కో పేరుకీ ఆవిడ ఒక్కో కథ చెప్తుంది, బాల్కనీలో రెండు నెలలు మాట్లాడని మనిషి ఆగకుండా మాట్లాడుతుంది చూడండి.

ఆ తర్వాత ఇంకో పని. నాన్నగారు పోయినప్పుడు మీ ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో అన్నం క్యారేజీ పంపిందెవరు, పాడె మోసిందెవరు, పెద్దకర్మకి వంటల దగ్గర నిలబడిందెవరు, ఇప్పుడు రాత్రి పూట అమ్మకి తోడు పడుకుంటున్నదెవరు, బీపీ మాత్రలు అయిపోతే షాపుకెళ్లి తెస్తున్నదెవరు, దింపు రోజు, అంటే కొబ్బరికాయలు దింపించే రోజు, తోటలో నిలబడి కాయ లెక్క చూస్తున్నదెవరు, అడిగి రాసుకోండి. ఆ జాబితాని ఈ పుస్తకాలతో పోల్చి చూడండి. చాలా పేర్లు కలుస్తాయి. కొన్ని కలవవు. ఇంట్లో పనిచేసే ఆవిడ పేరు ఉండదు. దింపు తీసే అతని పేరు ఉండదు. మీ తాతగారి కాలం నుంచీ మీ ఇంటి కష్టానికి వచ్చిన దళితపేట వాళ్లలో ఎంతమంది పేర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. వాళ్లు పెళ్లికి రాలేదని కాదు, వచ్చారు, ఆకులు ఎత్తారు, నీళ్లు మోశారు, కానీ బల్ల దగ్గరికి రాలేదు, మనం పిలవలేదు. మన ఊళ్ల గురించి ఎంతో ప్రేమగా మాట్లాడుకుంటాం, నాకూ ఆ ప్రేమ ఉంది, కానీ ఈ విషయం దాచి మాట్లాడితే అది సగం నిజమే.

ఇప్పుడు మీ అమ్మగారు ఆ ఇంట్లో ఉండగలుగుతున్నారంటే పుస్తకంలో లేని ఆ మనుషుల వల్లే ఎక్కువ. పనావిడకి జీతం పెంచండి, నెలకి ఇంత అని ఖచ్చితంగా, పాత చీరలతో సరిపెట్టకుండా. రాత్రి తోడుకి వస్తుంటే దానికి వేరే ఇవ్వండి, అభిమానంతో వస్తోందిలే అని ఊరుకోకండి. ఆవిడ ఇంట్లో శుభకార్యం అయితే బెంగళూరు నుంచి టికెట్ తీసుకుని వచ్చి చదివించండి.

ఇల్లు అమ్మే మాట మాత్రం సంవత్సరీకం అయ్యేదాకా ఎత్తవద్దు. ఇది నా అనుభవంతో చెప్తున్నాను. మా నాన్నగారు పోయిన ఆరు నెలలకే మా అన్నయ్య అమ్మని విశాఖ తీసుకెళ్లాడు, ఏడాది తిరక్కుండా ఇల్లు అమ్మేశాం, మంచి రేటు వచ్చిందని సంతోషించాం కూడా. తర్వాత ఆవిడ ఒక్క అట్లతద్దికి ఊళ్లో ఉండాలని ఉందే అంది. ఎక్కడ దింపాలి? చుట్టాలింట్లో రెండు రోజులుంచి తీసుకొచ్చాం. సొంత వీధిలో పరాయి గడప ఎక్కుతున్నప్పుడు ఆవిడ మొహం నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

మీరు చెయ్యాల్సినవి చిన్నవే. వీధి గుమ్మం మెట్లకి పట్టుకునే రాడ్డు పెట్టించండి, బాత్రూంలో జారని టైల్స్ వేయించండి. తాళం చెవి ఒకటి ఎదురింట్లో ఉంచండి. గోడ మీద పెద్ద అక్షరాలతో నాలుగు ఫోన్ నంబర్లు. తోట కౌలుకిచ్చెయ్యడం మేలు, నెలన్నరకో రెండు నెలలకో వచ్చే దింపు లెక్కలు ఆవిడకి టెన్షన్. ఇల్లు ఏటిగట్టుకి దగ్గరైతే జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల రోజుల్లో ఎక్కడికి వెళ్లాలో ముందే ఎదురింటివాళ్లతో మాట్లాడి ఉంచండి. గ్యాస్ కట్టడం మర్చిపోతున్నా, ఒకసారి పడినా, రాత్రి భయంగా ఉందిరా అని తనే అన్నా అప్పుడు తీసుకెళ్లండి, అదీ ఆవిడనే అడిగి. చుట్టాల మాటలంటారా, అనేవాళ్లలో వారానికోసారి అమ్మ దగ్గరికెళ్లి కూర్చునేవాళ్లెంతమందో చూడండి, వాళ్ల మాటే వినండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. పెళ్లై రెండేళ్లు, తణుకు దగ్గర అత్తగారింట్లో ఉంటున్నాం. అత్తయ్యగారు మంచివారే. కానీ వీధి తలుపు పొద్దున తీస్తే రాత్రే వెయ్యడం. ఎవరు పడితే వాళ్లు వంటింటి దాకా వచ్చేస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అంటారు. డాక్టర్ దగ్గరికి తిరుగుతున్నాం. ఆ మాట వింటే ఏడుపొస్తోంది.
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మాయీ, నువ్వు రెండు విషయాలు కలిపి రాశావు. అవి రెండూ ఒకటి కావు.

తలుపు సంగతి నెమ్మదిగా అలవాటవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు ఊరూరా పారాయి, పొలానికి నీళ్లొచ్చినట్టే మనుషులూ ఆ కాలువల మీదే పడవల్లో తిరిగారు. పడవ ఎప్పుడొస్తుందో, రేవులో ఎవరు దిగుతారో ముందు చెప్పేదెవరు? వచ్చినవాళ్లకి వేళ కాని వేళ అన్నం పెట్టడం ఇక్కడ ఇంటి మర్యాద అయింది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు దారిన పోయేవాళ్లకి అన్నం పెట్టి ఎంత పేరు తెచ్చుకున్నారో మీ అత్తగారినడిగితే చెప్తారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో మా డాబాలో వీధివీధంతా తలదాచుకున్నారు, తెల్లారేసరికి కొబ్బరిచెట్లు నేలకొరిగి ఉన్నాయి, ఎవరింట్లో ఏ బియ్యం మిగిలితే అవి కలిపి వండుకున్నాం. తలుపు తీసి ఉంచే వీధి అయితేనే అలా జరుగుతుంది. నీకు నీ గది తలుపు వేసుకునే హక్కు మాత్రం ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటానండీ అని అత్తగారికి చెప్పు, ఆవిడ చూసుకుంటారు.

"విశేషమా" అన్న ప్రశ్న వేరు. అది ప్రేమతోనే అడుగుతారని సర్దిచెప్పేవాళ్లుంటారు. నేను చెప్పను. అడగకూడని ప్రశ్న అది, మా తరం ఆడవాళ్లం ఒకరినొకరం అడిగి అడిగి ఏడిపించుకున్నాం. నువ్వు జవాబివ్వాల్సిన పని లేదు. ముందు మీ ఆయన తన తల్లితో కూర్చుని, డాక్టర్ దగ్గరికి వెళ్తున్న సంగతి నీకిష్టమైనంత వరకు చెప్పాలి. ఆ తర్వాత పేరంటంలో ఎవరైనా అడిగితే మీ అత్తగారే "ఉంటే నేనే వచ్చి చెప్తాను వదినా, పిల్లని అడక్కండి" అనాలి. ఆ ఒక్క మాట పెద్దావిడ నోటి నుంచి వస్తే వీధి మొత్తానికి సాయంత్రానికల్లా చేరిపోతుంది. ఆవిడ అనకపోతే, అత్తయ్యగారూ నాకు కష్టంగా ఉందండీ అని నువ్వే ఏడుస్తూ అయినా చెప్పు. మంచివారని రాశావుగా, అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: సంక్రాంతికి పిల్లలతో కోనసీమలో అత్తారి ఊరు వస్తున్నాం. కోడిపందాలు కాకుండా పిల్లలకి ఏం చూపించమంటారు?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంటే జాతర. అంబాజీపేట దగ్గర మొసలపల్లి శివారు. అక్కడ గుడి ఉండదు, కొబ్బరితోట, అంతే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ల శివుళ్లు, ప్రభల మీద అక్కడికొస్తారు. ప్రభ అంటే వెదురుతో ఎత్తుగా కట్టి రంగుల బట్టలు చుట్టిన చట్రం. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఈ తీర్థం మీదే. కానీ అసలు చూడాల్సింది గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటడం. అంత ఎత్తు ప్రభని భుజాల మీద పెట్టుకుని పీకల్లోతు నీళ్లలో దిగుతారు, గట్టు మీద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. పిల్లలకి ముందే ఏదో ఒక ఊళ్లో ప్రభ కట్టడం కూడా చూపించండి, వెదురు చీల్చడం, రంగుల బట్టలు చుట్టడం, గంటలు కట్టడం, అక్కడి కుర్రాళ్లు అడిగితే చిన్నవాళ్లకీ ఏదో ఒక పని ఇస్తారు. కారు దూరంగా ఆపి నడవండి. పిల్లలకి ఇంకో జత బట్టలు పెట్టుకోండి, గట్టు దగ్గర బురద బాగా ఉంటుంది.